యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, రక్తం గడ్డకట్టే ముప్పు: చెన్నైలో తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఒక ల్యాబులో రక్తం గడ్డకట్టే పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు, కౌంటరు దగ్గర తెలుగు మాట వినపడగానే ఆగి నన్ను అడుగుతుంటారు. డాక్టరు గదిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో విన్నది సగం అర్థమై, సగం భయమై మిగిలిపోతుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలే ఇవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందు డోసు మాత్రం మీ డాక్టరే చెప్పాలి. ఇక్కడ రాసినది చదివి ఎవరూ ఏ మాత్రా మొదలుపెట్టవద్దు, ఆపవద్దు.

## రిపోర్టు చేతికి వచ్చాక

ఆప్లా పాజిటివ్ అని వచ్చింది. అంటే నా రక్తం గడ్డలు కట్టేసినట్టేనా?

కాదు. ఆ రిపోర్టు చెప్పేది మీ రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (పొట్టిగా ఆప్లా) కనిపించాయని మాత్రమే. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొద్దిమందికి ఇవి ఉంటాయి. ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాక కొన్నాళ్లు కనిపించి పోతాయి కూడా. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బు పేరు పెట్టాలంటే రెండూ కావాలి. ఒకటి, పరీక్ష కనీసం 12 వారాల తేడాతో రెండుసార్లు పాజిటివ్ రావాలి. రెండు, ఒంట్లో దానికి తగ్గ సంఘటన జరిగి ఉండాలి: కాలి సిరలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ, పక్షవాతం, లేదా కడుపు నిలవకపోవడం లాంటిది. ఈ జబ్బును 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టరు వివరించారు. అందుకే కొందరు డాక్టర్లు హ్యూస్ సిండ్రోమ్ అని రాస్తారు. పేరు వేరైనా జబ్బు ఒకటే.

రిపోర్టులో మూడు పేర్లు, ఐదు ఫలితాలు ఉన్నాయి. దేన్ని చూసి భయపడాలి?

మూడు పేర్లు ఇవి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్-1. చివరి రెండింటిలో ఐజీజీ, ఐజీఎం అని రెండేసి రకాలు చూస్తారు, అందుకే ఐదు ఫలితాలు. గడ్డ ముప్పుతో ఎక్కువ ముడిపడినది లూపస్ యాంటీకోయాగ్యులెంట్. మూడు పేర్లూ పాజిటివ్ అయితే ముప్పు అన్నిటికంటే ఎక్కువ. దాన్నే డాక్టర్లు ట్రిపుల్ పాజిటివ్ అంటారు. యాంటీకార్డియోలిపిన్ ఐజీఎం ఒక్కటే, అదీ హద్దు దాటి కొంచెం పైన ఉంటే, దానికి అంత బరువు లేదు. సాధారణంగా 40 యూనిట్లు దాటితే మధ్యస్థం, 80 దాటితే ఎక్కువ అని లెక్క. ల్యాబు మారితే అంకె కూడా కొంత మారుతుంది కాబట్టి రెండు వేర్వేరు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పెరిగిందనీ తగ్గిందనీ తేల్చుకోవద్దు.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అని రాశారు. నాకు లూపస్ ఉన్నట్టేనా?

అక్కర్లేదు. లూపస్ అంటే మన రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే ఒక ఆటోఇమ్యూన్ జబ్బు. ఈ యాంటీబాడీని మొదట లూపస్ రోగుల్లో గమనించడం వల్ల ఆ పేరు అతుక్కుపోయింది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి లూపస్ గానీ మరో ఆటోఇమ్యూన్ జబ్బు గానీ ఉండదు. అటునుంచి చూస్తే, లూపస్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఈ యాంటీబాడీలు ఉంటాయి. అందుకే కీళ్లనొప్పులు, ముఖం మీద ఎర్రమచ్చలు, జుట్టు ఊడటం, మూత్రంలో ప్రోటీన్ లాంటివి ఉన్నాయేమో రుమటాలజిస్టు విడిగా చూస్తారు.

ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలిచే పరీక్ష) ఎక్కువ సెకన్లు వచ్చింది. అంటే నా రక్తం ఆలస్యంగా గడ్డకడుతోంది కదా, మరి గడ్డలు కట్టే జబ్బంటారేమిటి?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది, అడగవలసిన ప్రశ్న కూడా. గాజు గొట్టంలో ఒకటి జరుగుతుంది, ఒంట్లో దానికి సరిగ్గా తిరగబడి జరుగుతుంది.

రక్తం గడ్డకట్టే రసాయన చర్యలు సాగడానికి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం ఆధారంగా ఉండాలి. ల్యాబులో మేం ఆ పదార్థాన్ని కొలిచి కొంచెమే కలుపుతాం. మీ యాంటీబాడీలు దాన్ని అంటిపెట్టుకుని ఆక్రమించేస్తాయి. చర్య నత్తనడక నడుస్తుంది, సెకన్లు పెరుగుతాయి. ఒంట్లోనైతే అవే యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొర మీద, ప్లేట్‌లెట్ల మీద, తెల్లకణాల మీద బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే రక్తంలోని ప్రోటీన్ ద్వారా అతుక్కుని వాటిని రెచ్చగొడతాయి. రెచ్చిన నాళం గడ్డ కట్టడానికి సిద్ధంగా ఉంటుంది. అలా సిద్ధంగా ఉన్నంత మాత్రాన గడ్డ కట్టదు, చాలాసార్లు పైన ఇంకో కారణం తోడవుతుంది: ఆపరేషన్, ఇన్ఫెక్షన్, పురుడు, మంచాన పడటం, ఈస్ట్రోజెన్ మాత్రలు, పొగతాగడం. అందుకే ఒకే రిపోర్టు ఉన్న ఇద్దరిలో ఒకరికి గడ్డ కడుతుంది, మరొకరు ఏళ్ల తరబడి బాగానే ఉంటారు.

ఈ యాంటీబాడీని పట్టుకోవడానికి మేం చేసే ప్రధాన పరీక్షల్లో ఒకదానికి వాడేది రక్తపింజర విషం. పల్చగా కలిపిన ఆ విషం గడ్డకట్టే వరసలో పదో అంశాన్ని నేరుగా తట్టి లేపుతుంది. ఫాస్ఫోలిపిడ్ తక్కువ వేసి ఒకసారి, ఎక్కువ వేసి ఒకసారి చేస్తాం. తక్కువ వేసినప్పుడు ఆలస్యమై, ఎక్కువ వేయగానే సరైపోయిందంటే అడ్డం పడినది యాంటీబాడీయే అని తేలుతుంది. పొలాల్లో అంతమంది ప్రాణాలు తీసే పాము విషం ఇక్కడ ఇలా పనికొస్తుందని చెబితే మన రైతు కుటుంబాలవాళ్లు ఆశ్చర్యపోతారు.

గర్భిణీ పరీక్షల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్ వచ్చింది. సుఖవ్యాధి అని ఇంట్లో పెద్ద గొడవైంది. ఇప్పుడేమో ఆప్లా అంటున్నారు. ఏది నిజం?

వీడీఆర్ఎల్ అనేది సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే పరీక్ష. అందులో వాడే రసాయనంలో కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది. మీ యాంటీబాడీలు దానికే అతుక్కుంటాయి కాబట్టి సిఫిలిస్ లేకపోయినా పరీక్ష పాజిటివ్ చూపించగలదు. నిజంగా సిఫిలిస్ ఉందా లేదా అన్నది టీపీహెచ్ఏ లాంటి మరో పరీక్ష తేలుస్తుంది. అది నెగటివ్ అయితే సిఫిలిస్ లేనట్టే లెక్క. ఒక్క వీడీఆర్ఎల్ కాగితం పట్టుకుని ఆడపిల్లని నిలదీసిన అత్తగారిళ్లు నేను కౌంటరు దగ్గరే చూశాను. దయచేసి రెండో పరీక్ష వచ్చేదాకా ఎవరూ నోరు జారవద్దు.

ఇవి నాకే ఎందుకు వచ్చాయి? అంటువ్యాధా? పిల్లలకు వస్తుందా?

అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. మన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత ఒంటినే శత్రువుగా చూడటం వల్ల వస్తుంది. ఎవరిలో ఎందుకు మొదలైందో చాలాసార్లు చెప్పలేం. మామూలుగా పిల్లలకు రాదు. కొన్ని కుటుంబాల్లో ఆటోఇమ్యూన్ జబ్బులు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి గానీ, లక్షణాలు లేని పిల్లలకు ముందుగానే ఈ పరీక్ష చేయించాల్సిన పని మామూలుగా ఉండదు.

## మళ్లీ పరీక్ష చేయించే దశ

మొన్ననే డబ్బు పెట్టి చేయించాం. 12 వారాలు ఆగి మళ్లీ ఎందుకు?

జ్వరాలప్పుడు, వైరస్ ఇన్ఫెక్షన్ల తర్వాత, కొన్ని మందుల వల్ల ఈ యాంటీబాడీలు తాత్కాలికంగా పుడతాయి. అవి వారాల్లో సర్దుకుంటాయి. గడ్డలకు కారణమయ్యేవి నిలిచి ఉండేవి. మొదటి రిపోర్టుతోనే ముద్ర వేస్తే, అవసరం లేని మనిషి ఏళ్ల తరబడి రక్తం పలచన చేసే మాత్ర మింగాల్సి రావచ్చు. రెండో పరీక్ష ఖర్చు దానితో పోలిస్తే చాలా తక్కువ. కాకపోతే ఇప్పటికే గడ్డ కట్టి ఉంటే ఈ 12 వారాలు మందు లేకుండా ఆగడం కాదు. మందు నడుస్తూనే ఉంటుంది, జబ్బు పేరు తర్వాత ఖరారవుతుంది.

అసిట్రోం (రక్తం పలచన చేసే మాత్ర) వేసుకుంటున్నాను. ఈ మాత్ర మీద ఉండగా టెస్టుకు రక్తం ఇవ్వొచ్చా?

యాంటీకార్డియోలిపిన్, బీటా-2 పరీక్షలకు ఇవ్వొచ్చు, మాత్రతో వాటికి సంబంధం లేదు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌కు మాత్రం చిక్కు ఉంది. అసిట్రోం, వార్ఫరిన్, హెపారిన్ సూది, కొత్తరకం రివరాక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు, ఇవన్నీ ఆ పరీక్షను తప్పుదారి పట్టించగలవు. అలాగని పరీక్ష కోసం మీ అంతట మీరు మాత్ర ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ మందు, ఎప్పుడు వేసుకున్నారు, చివరి డోసు ఏ వేళకు అన్నది రక్తం తీసేవారికి చెప్పి కాగితం మీద రాయించండి. అది తెలిస్తే మేం ఫలితాన్ని జాగ్రత్తగా చదువుతాం, లేదా డాక్టరుతో మాట్లాడి మరో తేదీ పెడతాం.

ఊళ్లోనే రక్తం తీయించి బస్సులో చెన్నై పంపిస్తే సరిపోదా? అంత దూరం రావడం కష్టం.

రెండు పరీక్షలకు సరిపోతుంది, ఒకదానికి సరిపోదు. యాంటీకార్డియోలిపిన్, బీటా-2 కోసం తీసిన సీరం చల్లగా పంపితే చెడదు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ వేరు. ఆ రక్తం లేత నీలిమూత గొట్టంలో తీయాలి. అందులో సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. గొట్టం మీద గీత ఉంటుంది, రక్తం ఆ గీత దాకా రావాలి. సిర దొరకలేదని సగంలో ఆపేస్తే సిట్రేట్ ఎక్కువై సెకన్లు తప్పుగా పెరుగుతాయి. తీసిన నాలుగు గంటల్లోపు ప్లాస్మా వేరు చేయాలి. అదీ సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఒకసారి తిప్పితే చాలదు, రెండుసార్లు తిప్పుతాం. ఎందుకంటే మిగిలిపోయిన ప్లేట్‌లెట్లు పగిలి వాటి ఫాస్ఫోలిపిడ్ బయటికొస్తే యాంటీబాడీలు దానికి అతుక్కుని, ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. మీ ఊరి ల్యాబులో రెండుసార్లు తిప్పి, ఆ ప్లాస్మాను ఫ్రీజరులో మంచులా గట్టిపరిచి, మంచుపెట్టెలో పంపే ఏర్పాటు ఉంటే సరే. లేకపోతే మాధవరం బస్టాండులో దిగి నేరుగా ల్యాబుకు వచ్చి ఇవ్వడమే మేలు. రక్తం తీస్తున్నప్పుడు గీత దాకా వచ్చిందో లేదో మీరూ ఒకసారి చూడండి, అడగడానికి మొహమాటపడవద్దు.

## యాంటీబాడీలు ఉన్నాయి, గడ్డ ఇంకా కట్టలేదు

ఇప్పటిదాకా నాకు ఏ గడ్డా కట్టలేదు. మాత్ర అవసరమా?

అది మీ యాంటీబాడీల తీరు బట్టి ఉంటుంది. ట్రిపుల్ పాజిటివ్, లేదా లూపస్ యాంటీకోయాగ్యులెంట్ నిలిచి ఉన్నవాళ్లకు రోజూ చిన్న డోసు ఆస్పిరిన్, మనకు దొరికే ఎకోస్ప్రిన్ 75 లాంటిది, రాసే అవకాశం ఎక్కువ. లూపస్ కూడా ఉంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు. అది లూపస్‌కే కాక గడ్డల ముప్పుకూ కొంత అడ్డుకట్ట వేస్తుంది. దానికి కళ్ల పరీక్షలు క్రమం తప్పకూడదు. అసిట్రోం లాంటివి ఈ దశలో మామూలుగా ఇవ్వరు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం ఇక్కడ మాత్రతో సమానమైన పని చేస్తాయి. సిగరెట్టు మానకుండా ఎకోస్ప్రిన్ మీద భారం వేసే మగవాళ్లకు నేను గట్టిగానే చెబుతుంటాను.

తిరుమల వెళ్లాలి, పెళ్లి ఉంది. నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకోవచ్చా?

మీ డాక్టరును అడగకుండా వద్దు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే నారెథిస్టెరోన్ మాత్రలు రోజుకు రెండు మూడు చొప్పున వేసుకున్నప్పుడు, అందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్ గడ్డల ముప్పును పెంచుతుంది. మామూలు మనిషికి అది చిన్న ముప్పే. మీ యాంటీబాడీలకు తోడైతే చిన్నది కాదు. దీని మీద నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం, మన ఇళ్లలో వ్రతానికీ పెళ్లికీ ఈ మాత్ర ఎంత తేలిగ్గా చేతులు మారుతుందో అందరికీ తెలిసిందే. అక్క వేసుకుంది, వదిన వేసుకుంది అని మీరు వేసుకోవద్దు. ముహూర్తమో దర్శనం టికెట్టో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి నెల ముందే గైనకాలజిస్టుతో మాట్లాడండి. ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. వాటికి బదులు వేరే పద్ధతులు ఉన్నాయి.

రాత్రి బస్సులో పది గంటలు కూర్చుని ప్రయాణం చేయొచ్చా?

చేయొచ్చు, కదలకుండా మాత్రం కాదు. వీలైతే రైలు ఎంచుకోండి, లేచి నడవడానికి చోటుంటుంది. బస్సయితే ఆగిన ప్రతిచోటా దిగండి. సీట్లో ఉన్నంతసేపు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. మూత్రానికి దిగాల్సొస్తుందని నీళ్లు మానేసే ఆడవాళ్లు చాలామంది. చెన్నై ఎండల్లో అది మరీ ప్రమాదం. తిరుమల క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్నప్పుడూ ఇదే జాగ్రత్త.

## గడ్డ కట్టాక, మాత్రతో రోజులు

కాలి గడ్డ కరిగిపోయింది, నొప్పి లేదు. ఇంకెన్నాళ్లు ఈ మాత్ర?

చాలామందికి జీవితాంతం. మామూలు కారణాలతో గడ్డ కట్టినవాళ్లకు కొన్ని నెలల తర్వాత ఆపుతారు, కానీ ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో మాత్ర ఆపితే గడ్డ తిరిగి కట్టే అవకాశం బాగా ఎక్కువ. నొప్పి పోవడం మాత్ర పనిచేస్తోందనడానికి గుర్తు, అవసరం తీరిందనడానికి కాదు. తర్వాతి పరీక్షలో యాంటీబాడీలు నెగటివ్ వచ్చినా మీ అంతట మీరు ఆపవద్దు. ఆ నిర్ణయం పాత గడ్డ ఎక్కడ, ఎందుకు కట్టిందో చూసి డాక్టరు తీసుకోవలసినది. మా దగ్గరికి రెండోసారి గడ్డతో వచ్చినవాళ్లను అడిగితే ఎక్కువగా వినిపించే మాట "తగ్గింది కదా అని ఆపాను".

ఐఎన్ఆర్ ఎంత ఉండాలి? ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలి?

ఐఎన్ఆర్ అంటే మాత్ర మీ రక్తాన్ని ఎంత పలచన చేస్తోందో చెప్పే అంకె. సిరల్లో గడ్డకు సాధారణ లక్ష్యం 2 నుంచి 3. పక్షవాతం లాంటి ధమని గడ్డలకు కొందరు డాక్టర్లు ఇంకొంచెం ఎక్కువ పెడతారు, లేదా ఆస్పిరిన్ జతచేస్తారు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు, కుదురుకున్నాక సుమారు నెలకోసారి చూడాలి. మాత్ర సాయంత్రం ఒకే వేళకు వేసుకునే అలవాటు మంచిది. పొద్దున రక్తం ఇస్తే, డోసు మార్చాల్సి వచ్చినా ఆ సాయంత్రానికే మార్చుకోవచ్చు. అసిట్రోం 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. కొన్న ప్రతిసారీ షీటు మీద అంకె చదవండి. షాపులో అసిట్రోం లేదని అదే మిల్లీగ్రాముల వార్ఫరిన్ ఇస్తే తీసుకోవద్దు. రెండు మందుల బలం ఒకటి కాదు.

వేలికి పొడిచి ఇంట్లోనే చూసుకునే మిషను కొనొచ్చా?

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నవాళ్లలో ఆ మిషన్లు కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ ఐఎన్ఆర్ చూపిస్తాయి. ఎక్కువుందని డోసు తగ్గిస్తే గడ్డ కట్టవచ్చు. కొనేముందు అదే రోజు సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబులో పోల్చి చూసుకోండి, డాక్టరు ఒప్పుకుంటేనే వాడండి.

నెలనెలా రక్తం ఇవ్వలేను. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలకు మారొచ్చా?

మీ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ ఈ జబ్బులో ఆ మార్పు ప్రమాదకరం కావచ్చు. 2018లో ఇటలీ వైద్యులు ట్రిపుల్ పాజిటివ్ రోగుల్లో రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రివరాక్సబాన్ వేసుకున్నవాళ్లలో గడ్డలు ఎక్కువ కావడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ట్రిపుల్ పాజిటివ్‌లకు, ఈ తరగతి మాత్రలు వద్దని హెచ్చరించింది. వేరే ఆసుపత్రిలో ఆప్లా సంగతి తెలియక ఎవరైనా మార్చి రాస్తే, పాత రిపోర్టులు చూపించి మళ్లీ అడగండి.

ఆకుకూరలు పూర్తిగా మానేయాలా? గోంగూర కూడానా?

మానక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్-కె అసిట్రోం పనికి ఎదురు తిరుగుతుంది, అది నిజమే. అయితే ఇబ్బంది తినడంలో లేదు, ఒకవారం రోజూ తిని మరోవారం ముట్టకపోవడంలో ఉంది. తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర, ఇక్కడి సంతల్లో కట్టలుగా దొరికే అరకీర, ఏదైనా సరే, వారానికి రెండుసార్లు తినే ఇల్లయితే ఎప్పుడూ రెండుసార్లే తినండి. డాక్టరు దాని ప్రకారమే డోసు సర్దుతారు. పోపులో కరివేపాకు, రసంలో కొత్తిమీర గురించి బెంగపడొద్దు. అసలు ఆకుకూర తినని వాళ్లలో ఐఎన్ఆర్ ఇంకా ఎక్కువ ఊగిసలాడుతుంది. ఉపవాసాలు కూడా లెక్కలోకి వస్తాయి. రెండు మూడు రోజులు సరిగా తినకపోతే ఐఎన్ఆర్ పైకి పోతుంది. కార్తీకమాసం ఉపవాసాలుంటే ముందే చెప్పి మధ్యలో ఒక పరీక్ష చేయించుకోండి. విరేచనాలు పట్టుకున్నప్పుడూ అంతే.

నిన్న రాత్రి మాత్ర మరిచిపోయాను. ఈరోజు రెండు వేసుకోనా?

వద్దు. అదే రోజు పడుకునేలోపు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే మరిచినది వదిలేసి, ఈరోజుది మాత్రమే మామూలు వేళకు వేసుకుని, మరిచిన తేదీ రాసి పెట్టుకోండి. వరుసగా రెండు రోజులు తప్పితే డాక్టరుకు ఫోన్ చేయండి.

జ్వరం, ఒళ్లునొప్పులకు షాపులో మాత్ర తెచ్చుకోవచ్చా?

పారాసిటమాల్ కొద్దిరోజులు పర్వాలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు, కడుపులో రక్తస్రావం కావచ్చు. విరేచనాలకు తేలిగ్గా ఇచ్చే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్, మూత్రం మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దాన్ని పడగొడుతుంది. వీటిలో ఏది మొదలుపెట్టినా కొద్ది రోజుల్లో ఐఎన్ఆర్ చూడాల్సిందే. ఏముందో రాయని కషాయాలు, పొడులు వద్దు. జ్వరానికి పిరుదుకు సూది వేయబోతే అసిట్రోం మీద ఉన్నానని ముందే చెప్పండి. కండలో రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది.

పన్ను పీకించుకోవాలి. మాత్ర ఎన్ని రోజులు ఆపాలి?

ఐఎన్ఆర్ హద్దులో ఉంటే ఒకటి రెండు పళ్లకు చాలాసార్లు ఆపకుండానే పీకుతారు. చిగురుకు కుట్టువేసి, దూది నొక్కిపెట్టి, రక్తం ఆపే మందుతో పుక్కిలింపజేస్తారు. ముందురోజు ఐఎన్ఆర్ చేయించి ఆ కాగితం పళ్ల డాక్టరుకు ఇవ్వండి. పెద్ద ఆపరేషన్లకు మాత్రం మాత్ర ఆపి హెపారిన్ సూదులతో నడిపించే ఏర్పాటు ముందుగా జరగాలి. ఈ జబ్బులో మందు లేకుండా గడిచే రోజులు వీలైనంత తక్కువగా ఉండాలి.

తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. కత్తి తగిలితే రక్తం ఆగుతుందా?

ఐఎన్ఆర్ హద్దులో ఉంటే చిన్న గాటు ఆగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. వెళ్లేముందు ఐఎన్ఆర్ చూసుకోండి, కల్యాణకట్టలో కూర్చోగానే మంగలికి చెప్పండి, శుభ్రమైన గుడ్డ ఒకటి వెంట ఉంచుకోండి. గాటు పడితే తుడుస్తూ ఉండక కదలకుండా పది నిమిషాలు నొక్కి పట్టండి. మొక్కు కోసం మాత్ర ఆపవద్దు.

## కడుపు, పురుడు

మూడుసార్లు కడుపు పోయింది. ఆప్లా అన్నారు. నాకు పిల్లలు పుడతారా?

పుట్టే అవకాశం బాగా ఉంది. సరైన మందుతో ఈ జబ్బున్న తల్లుల్లో నూటికి 70 మందికి పైగా బిడ్డను ఎత్తుకుంటున్నారు. ఈ యాంటీబాడీలు మాయను దెబ్బతీస్తాయి. దానివల్ల 10 వారాల లోపు వరుసగా గర్భాలు పోవడం, ఆ తర్వాత బిడ్డ గుండె ఆగిపోవడం, బీపీ పెరిగి 34 వారాల లోపే కాన్పు చేయాల్సి రావడం జరుగుతాయి. మందు రెండు ముక్కల్లో: చిన్న డోసు ఆస్పిరిన్, రోజూ హెపారిన్ సూది. గర్భం నిలిచిన తొలి వారాల్లోనే మొదలుపెట్టాలి కాబట్టి నెల తప్పగానే రండి, మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆచారాన్ని డాక్టరు విషయంలో పాటించవద్దు. ఇంకొక మాట. కడుపు పోవడం ఆడపిల్ల తప్పు కాదు, బరువెత్తిందనో, బొప్పాయి తిన్నదనో జరిగింది కాదు. ఈ వాక్యం ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించండి.

అసిట్రోం మీద ఉన్నాను, పెళ్లయింది. గర్భం వస్తే ఏం చేయాలి?

ముందుగా చెప్పి ప్లాన్ చేసుకోవడమే మంచిది. అసిట్రోం, వార్ఫరిన్ ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ఎముకలు, ముక్కు ఎదుగుదలను దెబ్బతీయగలవు. అందుకే గర్భం ఖాయమవగానే, ఆరో వారం రాకముందే హెపారిన్ సూదులకు మారుస్తారు. హెపారిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. నెలసరి ఒక్కవారం ఆలస్యమైనా ఇంట్లో కిట్టుతో చూసుకుని ఆరోజే ఫోన్ చేయండి. భయపడి మాత్ర ఆపేసి ఊరుకుంటే తల్లికే గడ్డ ముప్పు.

రోజూ పొట్ట మీద సూది పొడుచుకోవాలట. బిడ్డకు తగులుతుందేమో?

తగలదు. ఆ సూది చర్మం కింది కొవ్వులోకి మాత్రమే వెళుతుంది. బొడ్డుకు దూరంగా, రోజుకొక పక్కన, చర్మాన్ని వేళ్లతో మడతలా పట్టుకుని నిటారుగా పొడవండి. ముందే నింపి వచ్చే సిరంజిలో కనిపించే గాలిబుడగను తీయక్కర్లేదు. తీసేశాక రుద్దవద్దు, రుద్దితే కమిలి నల్లమచ్చ పడుతుంది. కాన్పు నొప్పులు మొదలయ్యాయనిపిస్తే తర్వాతి సూది వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లి, చివరిది ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. వెన్నులో మత్తు ఇవ్వడానికి ఆ సమయం తెలియాలి.

పురుడయ్యాక సూదులు ఎందుకు? బాలింతకు పత్యం ఎలా?

గడ్డ ముప్పు అన్నిటికంటే ఎక్కువ ఉండేది కాన్పు తర్వాతి ఆరు వారాల్లో. అందుకే ఆ ఆరు వారాలు సూది గానీ మాత్ర గానీ కొనసాగుతుంది. హెపారిన్, వార్ఫరిన్ వేసుకుంటూ పాలివ్వొచ్చు. పత్యం దగ్గర నేను పెద్దవాళ్లను ప్రాధేయపడేది రెండు విషయాలు. బాలింతకు నీళ్లు తగ్గించవద్దు, రక్తం చిక్కబడుతుంది. మంచం దిగనివ్వకుండా ఉంచవద్దు, మొదటి రోజు నుంచే గదిలో నడిపించండి. ఇంగువ, వెల్లుల్లి మీ ఇష్టం, కూరలో మోతాదుగా ఉంటే అభ్యంతరం లేదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే నూనె పెట్టి మర్దనా చేయనేవద్దు. గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తికి పోవచ్చు. ముందు రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్.

## ఆగకుండా ఆసుపత్రికి

ఏం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు?

ఒక కాలు ఉన్నట్టుండి వాచి బరువెక్కడం. ఊపిరి అందకపోవడం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం. మూతి వంకర, మాట తడబాటు, ఒక చెయ్యి పడిపోవడం, చూపు పోవడం. ఎప్పుడూ లేని తలనొప్పితో వాంతులు, ఫిట్స్. ఇవి గడ్డ గుర్తులు. నల్లటి తారు లాంటి విరేచనం, మూత్రంలో రక్తం, ఆగని ముక్కు రక్తం, ఇవి మందు ఎక్కువైన గుర్తులు. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా స్కాన్ తీయించాలి. చాలా అరుదుగా, నూటికి ఒకరికంటే తక్కువ మందిలో, వారం రోజుల్లోనే కిడ్నీ, ఊపిరితిత్తి, మెదడు లాంటి మూడు నాలుగు అవయవాల్లో చిన్న చిన్న గడ్డలు ఒకేసారి కడతాయి. ఇన్ఫెక్షన్, ఆపరేషన్, ఉన్నట్టుండి మాత్ర ఆపడం దానికి దారితీస్తాయి. దానికి హెపారిన్, స్టెరాయిడ్లు, ప్లాస్మా మార్పిడి ఉన్న పెద్ద ఆసుపత్రే కావాలి.

108 వచ్చినప్పుడు, క్యాజువాలిటీలో ఏం చెప్పాలి? నాకు తమిళం రాదు.

భాష గురించి ఆలోచించొద్దు, ఒక కాగితం చాలు. అరచేతిలో పట్టేంత అట్ట మీద ఇంగ్లీషులో రాయించి ఫోను కవరు వెనక పెట్టుకోండి: జబ్బు పేరు, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, చివరి ఐఎన్ఆర్ అంకె, తేదీ, పాత గడ్డ ఎక్కడ కట్టింది, మందులు పడనివి ఏవైనా ఉంటే అవి, ఇంట్లోవాళ్ల నంబరు. ఐఎన్ఆర్ మారినప్పుడల్లా పెన్సిలుతో దిద్దండి. అంబులెన్సులో ఎక్కిన క్షణమే ఆ అట్ట చూపించి, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో వేళ్లతోనైనా చెప్పండి. పక్షవాతం లక్షణాలైతే అవి మొదలైన టైము కూడా చెప్పాలి, గడ్డ కరిగించే మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ రెండు సమయాలు, అప్పటి ఐఎన్ఆర్ చూసే తేలుస్తారు.